ఉద్యమం ఓడితే పాట ఓడినట్టేనా?

శ్రీకాకుళం రైతాంగ సాయుధ ఉద్యమ గీతాల ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఒక తీర్పు చాలా తేలిగ్గా వినిపిస్తుంటుంది. ఉద్యమం 1970 దాటేసరికి అణిగిపోయింది, దానితో పాటే దాని పాటా అయిపోయింది, ఆ తర్వాత వచ్చినవన్నీ పాత నెగడు చుట్టూ చేసిన ప్రదక్షిణలే అని. ఇదే మాటను సాహిత్య పరిభాషలో చెప్పేవాళ్లు ప్రచారం కోసం కట్టిన పాటకు ఆ ప్రచారం నడిచినంత కాలమే ఆయుష్షు అంటారు. దీనికి తోకలా ఇంకో అభిప్రాయం ఉంది. ఎక్కువ కాలం పాడిన బృందం ఏదో ఒకనాడు మెత్తబడక తప్పదట, సినిమాకు వెళ్తుందట, సన్మానాలు పుచ్చుకుంటుందట, కాబట్టి తొలి అయిదారేళ్ల పాటలే అసలైనవట. విచిత్రం ఏమిటంటే, ఉద్యమమంటే గిట్టనివాళ్లూ, ఉద్యమాన్ని ప్రాణప్రదంగా చూసుకునేవాళ్లూ ఈ విషయంలో ఒక్కటైపోతారు. ఒకరికి పాట చచ్చిపోవడం ఊరట, మరొకరికి అది పవిత్రమైన విషాదం. ఇద్దరి లెక్కా తప్పని నేను అంటున్నాను. పాట ఆయుష్షును పార్టీ ఆయుష్షుతోనో, పాడినవారి నడవడితోనో కొలవకూడదు. ఆ బాణీ, ఆ యాస, ఆ ప్రశ్న ఇంకా ఎవరి నోటికి పనికొస్తున్నాయన్నదే కొలత. ఆ కొలతతో చూస్తే శ్రీకాకుళం జిల్లాలోని ఈ ఉద్దానం ప్రాంతపు పాటది తెలుగునాట అతి దీర్ఘమైన సంగీత ప్రయాణాల్లో ఒకటి.

మొదలు ఎక్కడో ముందు సరిగా చూడాలి. పలాస దగ్గరి బొడ్డపాడులో అర్చకత్వం చేసుకునే ఒడియా కుటుంబం నుంచి వచ్చిన సుబ్బారావు పాణిగ్రాహి, రైతుల కోసం పాట కట్టాలనుకున్నప్పుడు కొత్త వాయిద్యం వెతుక్కోలేదు. అప్పటికే కోస్తా అంతటా కమ్యూనిస్టు సభల్లో బుర్రకథ బాగా నలిగి ఉంది. నాజర్ లాంటి మహాకళాకారుడు దాన్ని తీర్చిదిద్ది పెట్టాడు. పాణిగ్రాహి మాత్రం తన జిల్లా జనానికి పుట్టినప్పటి నుంచీ తెలిసిన జముకును పట్టుకున్నాడు. జముకు చూడటానికి చిన్న డోలులా ఉంటుంది. ఒక పక్క తోలు బిగించి ఉంటుంది, రెండో పక్క ఖాళీ. తోలు నడిమి నుంచి వచ్చే నరాన్ని ఖాళీ వైపు నుంచి చేత్తో బిగించి పట్టి, రెండో చేత్తో మీటుతారు. బిగువు పెంచితే స్వరం పైకి లేస్తుంది, వదిలితే కిందికి జారుతుంది. అంటే అది తాళమూ వేస్తుంది, మనిషి గొంతులా మూలుగుతుంది కూడా. అమ్మవారి కథలు చెప్పే ఈ వాయిద్యం వినిపిస్తే ఊరు ఎలాగూ వచ్చి కూర్చుంటుంది. కథకుడు ఒక మాట అంటే వంతవాడు అందుకుంటాడు, నడుమ ఆగి ప్రశ్న వేస్తాడు, హాస్యం ఆడతాడు, మళ్లీ కథలోకి లాగుతాడు. ఆ వంతలోనే పాణిగ్రాహి తన పని సాధించాడు. అమ్మవారి మహిమ గురించి అడిగే చోట భూమి గురించి, వడ్డీ గురించి, దొర గురించి అడిగించాడు. ఊళ్లోవాళ్లకు రూపం కొత్తది కాదు, అడిగిన ప్రశ్న కొత్తది.

1969 డిసెంబర్ 22న రంగమటియా కొండల్లో పాణిగ్రాహిని, పంచాది నిర్మలను, వారి సహచరులను పోలీసులు కాల్చి చంపారు. అంతకు ముందే అదే ఏడాది మే 27న పంచాది కృష్ణమూర్తి, ఆయనతో ఉన్నవారు సోంపేట దగ్గరి జలంత్రకోట వద్ద హతమయ్యారు. పాట అయిపోయిందనేవాళ్లు ఇక్కడ గీత గీస్తారు. ఆ గీతకు అవతల ఏం జరిగిందో చూడండి. 1970 జూలై 4న హైదరాబాద్‌లో శ్రీశ్రీ అధ్యక్షుడిగా విప్లవ రచయితల సంఘం ఏర్పడింది. దానికి నెత్తురూ నినాదమూ శ్రీకాకుళం నుంచే అందాయి. 1972లో జననాట్యమండలి రూపుదిద్దుకుంది. అటు మెదక్ వైపు నుంచి గద్దర్, ఇటు పార్వతీపురం పక్కన పెదబొండపల్లి నుంచి వంగపండు ప్రసాదరావు అందులో పెద్ద గొంతులయ్యారు. పంచె, గొంగడి, కాలికి గజ్జెలు, చేతిలో డప్పు, ముగ్గురో నలుగురో మనుషులు. అంతకు మించి ఖర్చు లేని ఆ బృందం ఏళ్ల తరబడి రాష్ట్రమంతా తిరిగింది. 1980ల నడుమ నుంచి నిర్బంధం పెరిగి రహస్యంగా బతకాల్సి వచ్చింది. అయినా 1990 ఫిబ్రవరిలో గద్దర్ నిజాం కాలేజీ మైదానంలో మళ్లీ జనం ముందుకొస్తే లక్షల్లో వచ్చారు. చచ్చిపోయిన పాట కోసం ఇంతమంది ఎందుకొస్తారు? ఓడిపోయిన ఉద్యమానికి సంతాపం చెప్పడానికి ఆ పల్లవులన్నీ కంఠస్థం చేసుకుని ఎవరూ రారు.

నిజానికి ఆ మొదటి గీత కూడా సరైన చోట లేదు. ఈ నేల మీద పాటకూ పోరాటానికీ పొత్తు నక్సల్‌బరీ నుంచి దిగుమతి కాలేదు. 1940 మార్చిలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ పలాసలోనే జరిగింది. దానికి అధ్యక్షుడిగా ఎన్నికైనవాడు రాహుల్ సాంకృత్యాయన్. ఆ సభ ముగిసిన కొద్ది రోజులకే, మందస జమీందారీలో అడవి కలప మీద హక్కు కోసం నిలబడిన రైతుల మీద పోలీసులు కాల్పులు జరిపితే, సాసుమాను గున్నమ్మ నేలకొరిగింది. ఆమె కథ ఈ జిల్లాలో పాటగా, కథాగానంగా ఇప్పటికీ నిలిచి ఉంది. కాబట్టి పాణిగ్రాహి జముకు ఎత్తిన నాటికే ఇక్కడ పోరాటకథ వినే చెవి తయారై ఉంది. ఆ చెవి 1969తో పుట్టలేదు, 1970తో మూసుకుపోనూ లేదు. తెలంగాణలో కూడా ఇదే జరిగింది. బండి యాదగిరి 1940లలో సాయుధ పోరాట కాలంలో పాట కట్టి, ఆ పోరాటంలోనే ప్రాణం ఇచ్చాడు. ఆ పోరాటం 1951లో ఆగిపోయింది. కానీ 1980లో వచ్చిన ‘మా భూమి’ సినిమాలో గద్దర్ ఆ పాట పాడితే, ఆ పోరాట కాలానికి పుట్టని పిల్లలు కూడా నేర్చుకున్నారు. పోరాటం ఆగిన మూడు దశాబ్దాలకు పాట తన అత్యధిక శ్రోతలను కూడగట్టుకుంది. పార్టీ ఆయుష్షే పాట ఆయుష్షు అనే సూత్రం ఈ ఒక్క ఉదాహరణ దగ్గరే బోర్లా పడుతుంది.

ఇక ప్రచారం కళ కాదన్న మాట. ఈ వాదన చేసేవాళ్లు వంగపండు పాటల్ని చదువుతారు, వినరు. కాగితం మీద పెడితే అవి మామూలుగా కనిపించవచ్చు. పాట ఉండేది కాగితం మీద కాదు. విశాఖ షిప్‌యార్డులో ఫిట్టర్‌గా పనిచేసిన ఈ మనిషి యంత్రం మీద కట్టిన పాటనే తీసుకోండి. యంత్రం ఎలా నడుస్తోందన్న ప్రశ్నతో మొదలై, ఒక్కొక్క చరణంలో ఒక్కొక్క జవాబు చేరుతూ పోతుంది. వినేవాడికి తరువాతి జవాబు ముందే అంతు చిక్కుతుంది, నోరు తెరిచి వంత కలుపుతాడు. లయ కూడా మీటలూ చక్రాలూ తిరిగే లయే. పాట చివరికి వచ్చేసరికి యంత్రం నడిపేది ఎవరో ఎవరూ ఉపన్యాసం ఇవ్వనక్కర్లేదు, వంత కలిపినవాడు తానే చెప్పేసి ఉంటాడు. శ్రోతను శ్రోతగా కూర్చోబెట్టకుండా పాటలో సగభాగం అతనికే అప్పజెప్పడం చిన్న నైపుణ్యం కాదు. మన శాస్త్రీయ సంగీత కచేరీల్లో తల ఊపడం తప్ప శ్రోతకు వేరే పని ఉండదు, ఇక్కడ అతను లేకపోతే పాటే లేదు. దీన్ని కళగా ఒప్పుకోని కొలత ఏదైనా ఉంటే ఆ కొలతనే మార్చుకోవాలి. అన్నమయ్య భక్తిని ప్రచారం చేశాడనీ వేమన తన తత్వాన్ని ప్రచారం చేశాడనీ ఎవరూ వాళ్లను కళాలోకం నుంచి గెంటేయలేదు. భూమి గురించి మాట్లాడినప్పుడే ప్రచారం అన్న మాట ఎందుకు నోటికొస్తుందో ఆలోచించాలి.

వంగపండు చేసిన మరో పనిని మన విమర్శ ఇప్పటికీ సరిగా లెక్కగట్టలేదు. ఆయన పాట రాష్ట్రమంతా వినిపించేదాకా ఉత్తరాంధ్ర యాస అంటే సినిమాలో నవ్వు పుట్టించడానికి వాడుకునే సరుకు. పనిమనిషికీ, అమాయకుడికీ, హాస్యగాడికీ ఆ యాస. దుఃఖానికీ కోపానికీ గౌరవానికీ కృష్ణా, గుంటూరు తెలుగు. శ్రీకాకుళం కొండల్లోకి కలిసి వస్తావా అని పిల్లవాణ్ని పిలిచే ‘ఏం పిల్లడో’ పాటతో ఆ మెట్టు తలకిందులైంది. అదే యాసలో, ఏమీ సర్దుబాటు చేయకుండా, ప్రాణం పెట్టే పిలుపు వినిపించింది. గుంటూరు కుర్రాడూ, కరీంనగర్ కుర్రాడూ ఆ యాసను గర్వంగా నోట పలికారు. ఉభాల (వరినాట్ల) వేళ పొలంలో వంగి పాడుకునే గొంతు రాష్ట్రపు వేదిక మీద తన ఉచ్చారణతోనే నిలబడటం రాజకీయ విజయం ఎంతో భాషావిజయమూ అంత. ఉద్యమానికి భూమి పంచే శక్తి మిగల్లేదు, నిజమే. యాసకు గౌరవం పంచే శక్తి పాటకు మిగిలింది, అది ఎవరూ వెనక్కి లాక్కోలేరు. 1986లో ఆర్. నారాయణమూర్తి ‘అర్ధరాత్రి స్వతంత్రం’ తీస్తే ఆ పాట తెరకెక్కింది. 2009లో ‘మగధీర’లో ఒక పాటలో తన పల్లవిని తన అనుమతి లేకుండా వాడుకున్నారని వంగపండు అభ్యంతరం చెప్పారు. కోట్ల రూపాయల సినిమాకు, ఎన్నో ఏళ్ల కిందటి కొండప్రాంతపు పిలుపు కావాల్సి వచ్చిందంటే, ఆ పాటను గతించినదని ఎలా అనగలం?

ఇక్కడే రెండో అభియోగం లేచి నిలబడుతుంది. సినిమాలోకి వెళ్లిందంటే అమ్ముడుపోయినట్టే కదా, వంగపండు 2017లో ప్రభుత్వ కళారత్న పురస్కారం అందుకున్నాడు కదా, గద్దర్ చివరికి ఓటు వేసి సొంత పార్టీ కూడా పెట్టాడు కదా అని. ఈ వాదనకు తెలుగు నేల మీదే జవాబు ఉంది. అయినా ఒక్కసారి బ్రిటన్ వైపు చూద్దాం, ఎందుకంటే అక్కడా ఇదే తగువు ఇదే మాటల్లో నడిచింది. 1982లో ఉత్తర ఇంగ్లండ్‌లో పుట్టి లీడ్స్ కేంద్రంగా పనిచేసిన చుంబవాంబ అనే ఆల్టర్నేటివ్ రాక్ బృందం అరాచకవాదుల బృందం, కలిసి ఒకే ఇంట్లో బతికిన బృందం. ఇఎమ్‌ఐ అనే పెద్ద రికార్డు కంపెనీని తిట్టిపోసిన వీళ్లే 1997లో ఆ కంపెనీతోనే ఒప్పందం చేసుకున్నారు. ‘టబ్‌థంపింగ్’ అనే పాట ప్రపంచమంతా మోగింది. పాత అభిమానులు ద్రోహం అన్నారు. కానీ మరుసటి ఏడాది బ్రిట్ అవార్డుల సభలో, పనిలోంచి తీసేసిన లివర్‌పూల్ రేవు కార్మికుల పక్షాన వీళ్లలో ఒకరు ఉప ప్రధాని జాన్ ప్రెస్కాట్ మీద నీళ్లు గుమ్మరించారు. ఒక కార్ల కంపెనీ ప్రకటన కోసం వీళ్ల మరో పాట వాడుకుంటే వచ్చిన డబ్బును కార్పొరేట్ వ్యతిరేక సంస్థలకు ఇచ్చేశారు. ఇంకా ముఖ్యమైనది వేరే ఉంది. 1988లోనే వీళ్లు 1381 నుంచి 1914 వరకు ఇంగ్లండ్‌లో వచ్చిన తిరుగుబాటు పాటల్ని వాయిద్యాలు లేకుండా పాడి ఒక ఆల్బం తెచ్చారు. 2003లో దాన్నే మళ్లీ పాడి, 1984 నాటి గని కార్మికుల సమ్మె దాకా పొడిగించారు. 2012లో బృందం చాలించుకునేసరికి ముప్ఫై ఏళ్లు. బయటివాళ్లకు వీళ్లు ఒక్క పాట బృందం. నిజానికి వీళ్ల పెద్ద పని, ఓడిపోయిన తిరుగుబాట్ల పాటల్ని తరువాతి తరానికి అందించడం. అది ఒక ఒప్పందంతోనో ఒక బహుమతితోనో చెరిగిపోదు.

మన దగ్గరా అంతే. గద్దర్ రాజకీయ నిర్ణయాలను ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. నాకూ అన్నీ నచ్చవు. కానీ నలభై ఏళ్లు పాడిన మనిషి నలభై ఏళ్లూ ఒకే మనిషిగా ఉండాలని కోరడం న్యాయం కాదు, సాధ్యమూ కాదు. తొలి అయిదేళ్లే స్వచ్ఛమైనవి అనేవాళ్లు పాణిగ్రాహి అకాల మరణాన్ని ఒక సౌందర్యంగా మార్చేస్తున్నారు. చచ్చిపోయాడు కాబట్టి మచ్చ లేదు, బతికి ఉంటే వంగపండులా సన్మానాలు అందుకునేవాడు అన్నట్టు. ఇది బతికినవాళ్ల మీద అపవాదు, చనిపోయినవాళ్ల పట్ల అన్యాయం. వంగపండు ముప్ఫై, నలభై ఏళ్ల పాటు రాసిన వందల పాటలు, కట్టిన ‘భూమి భాగోతం’ ఆయన తీసుకున్న శాలువా ఒక్కదాని బరువుకు సమానమా? 2020 ఆగస్టు 4న ఆయన పోయినప్పుడు పార్వతీపురంలో మరణించింది ఆ శాలువా కప్పుకున్న మనిషే కాదు, అంత పాటా మోసిన గొంతు.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం ఇంకొకటి ఉంది, దాన్ని దాటవేయకూడదు. ఈ పాటలు తుపాకీని కీర్తించాయి, భూస్వాముల హత్యలను సమర్థించిన రాజకీయానికి ఊపిరి పోశాయి, అలాంటి పాటలు బతకాలని ఎందుకు కోరుకోవాలి అన్నది ఆ ప్రశ్న. ఆ రాజకీయం ఎంతోమంది యువకుల ప్రాణాలు తీసింది, నిజమే. వ్యక్తిగత నిర్మూలన మార్గం తప్పని ఆ ఉద్యమం లోపలివాళ్లే తరువాత రాశారు. నేనూ ఆ మార్గాన్ని సమర్థించను. అయితే ఒక పాటను ఒక పార్టీ తన తీర్మానానికి జెండాలా కట్టుకున్నంత మాత్రాన, పాటలో ఉన్నదంతా ఆ తీర్మానం కాదు. వడ్డీ పాపం, నాగలి పట్టినవాడికి గింజ దక్కాలి, అడవి గిరిజనుడిది. ఈ మాటలు తుపాకీ పట్టనివాళ్లు, ఎన్నికల్లో నిలబడేవాళ్లు, ఏ పార్టీతో పనిలేనివాళ్లు కూడా పాడుకున్నారు. పాడేటప్పుడు తమకు కావాల్సింది ఉంచుకుని, వద్దనుకున్నది వదిలేశారు. జనం నోట పడిన ప్రతి పాటకూ ఇదే దారి. పార్టీ చేతిలోంచి పాట జారి ఊరి చేతిలోకి వెళ్లడమే దాని దీర్ఘాయువుకు మూలం.

జానపదాన్ని ఉద్యమం పాడుచేసిందనే మాటకు కూడా జవాబు చెప్పాలి. అమ్మవారి కథ చెప్పుకునే జముకును రాజకీయ వేదిక మీదికి లాగి ఆ కళను చెడగొట్టారని కొందరు పరిశోధకులు బాధపడతారు. జముకును మూలపడేసింది ఉద్యమం కాదు. లౌడ్‌స్పీకరు, టీవీ, పండగకు డీజే తెప్పించే అలవాటు, జముకులవాళ్లకు ఏడాదంతా కూడు పెట్టలేని ఊరి ఆదాయం. అసలైన బాకీ వేరే ఉంది. పాటకు పేరు పాణిగ్రాహిదీ వంగపండుదీ అయింది, బాణీ నేర్పిన జముకులవాళ్ల పేర్లు మన చరిత్ర పుస్తకాల్లో ఎక్కడ ఉన్నాయి? ఆ బాకీ ఉద్యమానిది మాత్రమే కాదు, సినిమాదీ, విశ్వవిద్యాలయాలదీ కూడా. 2020లో కరుణకుమార్ ‘పలాస 1978’లో ఈ నేల జానపద కళాకారులనే కథానాయకులుగా నిలబెట్టారు. రఘు కుంచె సంగీతంలో ఉత్తరాంధ్ర బాణీ మళ్లీ ఊళ్లకు ఊళ్లు తిరిగింది. జనానికి ఆ బాణీ మీద మోజు ఎంత ఉందో అప్పుడే తెలిసింది. ఆ బాణీని కాపాడినవాళ్లకు ఎంత దక్కిందన్నది మనం అడగని ప్రశ్న.

చివరిగా, విషయం పాతబడిపోయిందన్న వాదన. భూమి పోరాటం అయిపోయింది, ఇప్పుడు ఎవరికి కావాలి ఆ పాట అని. 2010 జూలై 14న సోంపేట బీలలో థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దన్న రైతుల మీద, మత్స్యకారుల మీద పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. ఏడాది తిరగకుండానే, 2011 ఫిబ్రవరి 28న టెక్కలి పరిసరాల్లో కాకరాపల్లి తంపర దగ్గర మళ్లీ అదే జరిగింది. సోంపేటలో ఆ కేంద్రం రాలేదు. జనం అడిగింది 1940లో మందసలో గున్నమ్మ అడిగినలాంటి ప్రశ్నే. ఈ నీరు ఎవరిది, ఈ నేల ఎవరిది? 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను వచ్చి ఉద్దానంలో కొబ్బరి, జీడితోటలను వేళ్లతో సహా పెకిలించింది. ఊళ్లను దశాబ్దాలుగా కిడ్నీ జబ్బు తినేస్తోంది. పలాసలో జీడిపిక్కలు కొట్టే, పప్పు వలిచే ఆడవాళ్ల చేతులకు జీడి రసం అంటుతూనే ఉంది. పాడటానికి విషయం కరువవడం అంటూ ఈ నేలకు ఇంతవరకు తెలియదు. పాట పాతబడిందంటే దానిలోని ప్రశ్నకు జవాబు దొరికి ఉండాలి. అది ఇంకా దొరకలేదు.

కాబట్టి సంస్మరణ సభలు పెట్టుకుని ఏడాదికోసారి తల వంచి వెళ్లిపోవడం ఈ పాటకు చాలదు. పలాస, మందస, సోంపేట, టెక్కలి వైపు ఇంకా జముకు మీటగలిగినవాళ్లు ఉన్నారు, వాళ్లలో చాలామంది వయసు మళ్లినవాళ్లు. ఎచ్చెర్లలోని అంబేడ్కర్ విశ్వవిద్యాలయం తలచుకుంటే వాళ్లకు గౌరవమైన పారితోషికం ఇచ్చి, అమ్మవారి కథలనూ పోరాట కథలనూ ఒకే శ్రద్ధతో రికార్డు చేయించవచ్చు, బాణీల్ని స్వరబద్ధం చేయించవచ్చు, పాడినవాళ్ల పేర్లు రాయించవచ్చు. ఆ పని ఈ ఏడాదే మొదలుపెట్టమని అధ్యాపకులను, జిల్లా సాంస్కృతిక శాఖను, వంగపండు పాట మీద మోజు ఉన్న ప్రతి ఒక్కరినీ అడుగుతున్నాను.